ఢిల్లీ దారులలోని స్మారక ఫలకములు

పురాతన నగరముల చరిత్ర రెండు చోట్ల వ్రాయబడి యుండును. ఒకటి గ్రంథములలో, రెండవది వీథులలో. గ్రంథములను చదువువారు కొందఱే. వీథిలో నడచువారు అందఱును. కోట గుమ్మము ప్రక్కను, నాలుగు దారుల కూడలిలోను, పాడుపడిన గోరీ ముంగిటను నిలిపిన నాలుగు పంక్తుల రాతిపలక, చరిత్ర గ్రంథము నెన్నడును తెఱువని వానికి సైతము చరిత్ర చెప్పును. అందువలన ఆ నాలుగు పంక్తులలో ఏమి వ్రాసిరి, ఎవరు వ్రాసిరి, ఎవరిని వ్రాయక విడిచిరి అను ప్రశ్నలు పురావస్తు శాఖవారికి మాత్రమే సంబంధించినవి కావు. భాషాసాహిత్య పరిశోధకులకును అవి సంబంధించినవే. శాసనమును వాఙ్మయముగా చదువుట తెలుగు విద్వాంసులకు క్రొత్త గాదు. నన్నయకు పూర్వపు తెలుగు స్వరూపము తెలిసినది శాసనముల వలననే. రేనాటి చోళుల రాళ్లపై అక్షరమక్షరమును పరిశీలించిన ఆ దృష్టిని ఆధునిక నగరములలోని స్మారక ఫలకములపై నింకను తగినంతగా నిలుపలేదు. ఈ లోపమును తెలిసికొనుటకు ఢిల్లీని మించిన పాఠశాల లేదు.

దారిప్రక్క వ్రాత నిలుపు ఆచారము ఆంగ్లేయులతో వచ్చినది కాదు. ఢిల్లీ సమీపమున పాలం గ్రామపు దిగుడుబావిలో దొరకిన సంస్కృత శాసనము విక్రమ సంవత్సరము 1333 నాటిది, అనగా క్రీ.శ. 1276. బల్బను ఏలుబడిలో ఉద్ధరుడను గృహస్థు ఆ బావిని త్రవ్వించెను. శాసనము నగరమును ఢిల్లియని, దేశమును హరియానకమని పేర్కొని, ఆ భూమిని తొలుత తోమరులును, పిమ్మట చౌహానులును, ఆ తరువాత శకులును అనుభవించిరని వరుస చెప్పుచున్నది. శకులనగా ఇచట తురుష్క సుల్తానులు. దప్పిక తీర్చుకొన వచ్చిన బాటసారికి ఆ రాయి దాత పేరును, దేశపు పేరును, రాజుల వరుసను ఒకేచోట తెలిపినది. తదనంతరము మొగలాయిల కాలమున రాజమార్గముల వెంట క్రోసుకొకటి చొప్పున కోస్ మినారులు లేచినవి. అవి అక్షరములు లేని గుర్తులు. దూరమును మాత్రము చెప్పును. ఢిల్లీ జంతు ప్రదర్శనశాల ఆవరణలో నొకటి నేటికిని నిలిచియున్నది.

ఈ పరంపరలో ఆంగ్ల ప్రభుత్వము చేర్చినది వేఱొక రకపు వ్రాత. ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు చేరువనున్న రిడ్జి అను గుట్టల వరుసపై అశోకుని స్తంభ మొకటి కలదు. దాని పీఠముపై నున్న ఆంగ్ల ఫలకము స్తంభపు కథను నాలుగు వాక్యములలో ముగించుచున్నది. అశోకుడు దీనిని మీరటులో నిలిపెను. 1356లో ఫిరోజ్‌షా తెచ్చి తన వేటమందిరమున నెలకొల్పెను. 1713-1719 మధ్య మందుగుండు ప్రేలుటచే పడి అయిదు ముక్కలయ్యెను. 1867లో ఆంగ్ల ప్రభుత్వము దీనిని మఱల నిలిపెను. ఇందలి సారమిది. వాక్యములు పొందికైనవి. కాని వానిని వరుసగా చదివిన పాదచారికి తోచు నర్థమొకటి యున్నది: ప్రాచీన రాజు నిలిపెను, నడుమ అది పడిపోయెను, మేమువచ్చి నిలిపితిమి అని. స్తంభముపై అశోకుడు ఏమి చెప్పెనో అందొక్క మాటయైన లేదు. జీవులను చంపరాదని శాసించిన రాజు రాతిని మఱియొక రాజు వేటమందిరమునకు తెచ్చెనను విపర్యాసమును చదువరి యూహించుకొనవలసినదే. తేదీలన్నియు నుండియు అర్థము కొఱవడుట ఎట్లుండునో ఈ ఫలకము చూపును.

దీనికి జోడైన స్తంభము ఫిరోజ్‌షా కోట్లాలో కలదు. అది తోప్రా గ్రామమునుండి వచ్చినది. దానిని తెచ్చిన విధమును షమ్స్ సిరాజ్ అఫీఫ్ అను చరిత్రకారుడు వివరముగా వ్రాసెను. స్తంభమును బూరుగుదూదితోను రెల్లుతోను చుట్టి, నలువది రెండు చక్రముల బండిపై నెక్కించి, ఒక్కొక్క చక్రపు మోకును రెండువందల మంది లాగగా యమున దరి చేర్చి, పడవలపై నగరమునకు తెచ్చిరి. లెక్కకు 8,400 మంది. ఆ జనులలో ఒక్కని పేరును మిగులలేదు. స్తంభముపై నున్న వ్రాతను చదువుటకు పండితులను పిలిపింపగా ఎవరికిని సాధ్యము కాలేదని అఫీఫ్ చెప్పెను. ఫిరోజను రాజు పుట్టువఱకు ఈ స్తంభమును ఎవరును కదలింపలేరని అందున్నట్లు కొందఱు చెప్పిరనియు వ్రాసెను. చదువరాని వ్రాతకు పాలకుని మెప్పించు అర్థము చెప్పుట ఆనాడే ఉండెనని దీనివలన తెలియుచున్నది. అయిదు శతాబ్దులు గడచిన పిమ్మట 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి రహస్యమును ఛేదించెను. శాసనములలోని ప్రియదర్శి అశోకుడే యని సింహళ గ్రంథముల సాయముతో జార్జి టర్నర్ నిరూపించెను. ఢిల్లీ రాతి అర్థము తేలుటకు సింహళమునుండి సాక్ష్యము రావలసి వచ్చినది.

తోప్రా స్తంభమునందు గమనింపదగిన విశేషము మఱొకటి. అశోకుని ఏడు శాసనములతో పాటు చౌహాన్ రాజు నాల్గవ విగ్రహరాజు తన విజయములను విక్రమ సంవత్సరము 1220 నాడు దానిపై చెక్కించెను, క్రీ.శ. 1163-64 అన్నమాట. పిమ్మట వచ్చిన యాత్రికుల చిన్న వ్రాతలును గలవు. విగ్రహరాజు అశోకుని గౌరవించి యిట్లు చేసెనని చెప్పుటకు ఆధారము లేదు. అశోకుని అక్షరములను అతడు చదువగలిగెననుటకును లేదు. అతడు వ్రాసినది తన ప్రతాపమే. అయినను పూర్వపు వ్రాతను గోకివేయక, ఖాళీ చోటు చూచి తన వ్రాతను చేర్చెను. ఆ ఒక్క పనివలన ఒకే రాతిపై పదునాలుగు శతాబ్దుల దూరములోనున్న రెండు రాజ్యముల మాట నిలిచినది. పూర్వపు వ్రాతను చెఱుపక, క్రొత్త వ్రాతను ప్రక్కన చేర్చుట: దారిప్రక్క చరిత్రకు ఇంతకన్న మంచి పద్ధతి దొరకదు. స్వతంత్ర భారతము ఢిల్లీలోనే ఒకటి రెండు చోట్ల ఈ పద్ధతి నవలంబించినది. అది అంతటను అవలంబింపదగినదగుటకు కారణము 1857 నాటి స్మారకములలో కనబడును.

1857 వేసవి ఢిల్లీ ఉత్తర భాగమున విడిచిన గుర్తులు అనేకములు. 1828లో కట్టిన ఫ్లాగ్‌స్టాఫ్ బురుజు మే 11వ తేదీన ఆంగ్ల కుటుంబములకు తలదాచుకొను చోటైనది. అదే దినమున తొమ్మండుగురు ఆంగ్లేయులు నగరములోని ఆయుధాగారమును కొన్ని గంటలసేపు కాపాడి, తుదకు తామే దానిని ప్రేల్చివేసిరి. దాని ద్వారము మాత్రము నేడు రహదారి నడుమ దీవివలె మిగిలి, ఇరువైపుల వాహనములు పోవుచుండగా నిలిచియున్నది. కాశ్మీరీ దర్వాజాపై 1876లో మగ్దలా ప్రభువైన నేపియర్ నిలిపిన ఫలకము, 1857 సెప్టెంబరు 14న ఆ ద్వారమును ప్రేల్చినవారి పేర్లు చెప్పును. అందు ఆంగ్ల ఇంజనీర్ల పేర్ల తరువాత వారి దళములోని భారతీయుల పేర్లును గలవు. దీని నాంగ్లేయుల ఔదార్యముగా చెప్పుకొనుట యొకటి. నగరమును పట్టుకొనిన సైన్యమునందును, నగరమును కాపాడిన సైన్యమునందును ఈ దేశపు వారే యుండిరను కఠిన సత్యముగా చదువుట మఱియొకటి. రెండవ పాఠమే విలువైనది. ఆ ఫలకమును తొలగించినచో ఆ సత్యమునకు బహిరంగ సాక్ష్యము పోవును.

వీని నన్నిటిని మించినది గుట్టపైనున్న ఎఱ్ఱరాతి స్మారకము. 1863లో ఆంగ్లేయులు తమ చర్చి గోపురముల రీతిలో దీనిని కట్టించిరి. దాని ముఖములపైని పలకలలో యుద్ధముల పట్టికయు, దళముల పేర్లును, చచ్చిన అధికారుల పేర్లును, చచ్చినవారి లెక్కలును గలవు. ఎదిరి పక్షమునకు పేర్లు లేవు. వారందఱును కలిసి ఒక్కమాట: శత్రువు. ఢిల్లీ నగరమున ఢిల్లీవాసిని శత్రువని పిలుచుచున్న ఆ రాయి స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఇరువది అయిదేండ్లు అట్లే నిలిచియుండెను. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున ప్రభుత్వము ఆ కట్టడమునకు అజీత్‌గఢ్ అను పేరు పెట్టి, దానిపై మఱియొక ఫలకము చేర్చినది. ఈ స్మారకములో శత్రువులని చెప్పబడినవారు వలస పాలన నెదిరించి జాతి విముక్తికై ధైర్యముతో పోరాడినవారు అనుట దాని సారాంశము. ఆయుధాగార ద్వారముపైని పాత ఫలకము క్రిందను ఇట్టిదే యొక చేర్పు కలదు. పై వ్రాతలో తిరుగుబాటుదారులనబడినవారు విదేశ ప్రభుత్వమును కూలద్రోయ యత్నించిన భారతీయ సైనికులని అది చెప్పును.

ఈ చేర్పులు చిన్నవి. శైలిలో గొప్పవి కావు. కాని వీని ప్రభావము పెద్దది. పాత పలక నొంటరిగా చదివినవానికి విజేత వాక్యము మాత్రమే తెలియును. పాతదానిని తీసివేసి క్రొత్తది పెట్టినచో, క్రొత్త పాలకుని వాక్యము మాత్రమే తెలియును. రెండును ప్రక్కప్రక్కన నున్నప్పుడు బాటసారి మూడవ సంగతిని గ్రహించును: ఒకే సంఘటనకు 1863లో ఒక పేరును 1972లో ఒక పేరును వచ్చినవని, పేరు పెట్టు అధికారము చేతులు మారినదని. చరిత్ర రచన యనగా నేమో ఏ తరగతి గదిలోను ఇంత సులభముగా బోధపడదు. రెండు పలకల మధ్యనున్న జానెడు రాతిలో నూటతొమ్మిదేండ్లు ఇమిడియున్నవి.

దీనికొక ఆక్షేపము కలదు. అవమానకరమైన వ్రాతను ప్రజాధనముతో కాపాడుట ఆత్మగౌరవము గల జాతికి తగునా యని. ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. ఇందు ప్రతిమకును ఫలకమునకును గల భేదమును గుర్తింపవలెను. నడివీథిలో ఎత్తైన పీఠముపై నిలిపిన ప్రతిమ సాక్ష్యము చెప్పదు, నమస్కారము కోరును. అందుచే ఇండియా గేటు మంటపమునుండి అయిదవ జార్జి ప్రతిమను 1968లో తొలగించుట న్యాయమే. దానిని పగులగొట్టక, 1911 దర్బారు జరిగిన కారొనేషన్ పార్కునకు చేర్చుటయు వివేకమే. మంటపము 2022 వఱకు ఖాళీగా నుండి, ఆ సంవత్సరము సెప్టెంబరులో సుభాస్ చంద్రబోసు ప్రతిమకు నెలవైనది. ఆ సుభాసుడే 1940లో కలకత్తా నడివీథిలోని హాల్వెల్ స్మారకమును తొలగింపవలెనని ఉద్యమము నడపెను. అది తొలగినది, కాని నశింపలేదు. సెయింట్ జాన్ చర్చి ఆవరణలో నేటికిని చూడవచ్చును. గౌరవపీఠమునుండి దింపుట వేఱు, సాక్ష్యమును రూపుమాపుట వేఱు. ఈ రెంటికి నడుమ గీత గీయుట కష్టము గాదు. గీయవలెనను సంకల్పము కావలెను.

స్వాతంత్ర్యానంతరము నిలిచిన ప్రభుత్వ ఫలకములలో లోపము వేఱు విధమైనది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో దేశమునందు సుమారు 3,700 కట్టడములు గలవు. వాని ముంగిట కనబడు నీలిరంగు పలక మొదట చెప్పునది చట్టము. 1958 నాటి చట్టము ప్రకారము ఇది జాతీయ ప్రాముఖ్యము గలదని, దీనిని పాడుచేసినచో శిక్ష గలదని, 2010 సవరణ ప్రకారము నూఱు మీటర్ల లోపల కట్టడములు నిషిద్ధమని, ఆపైన రెండువందల మీటర్ల వఱకు అనుమతి కావలెనని. ఇవి అవసరమైన మాటలే. అయితే కట్టడము ఎందులకు ప్రముఖమో తెలియని ఇరుగుపొరుగువానికి ఆ పలక బెదరింపు తప్ప మఱేమియు గాదు. తన తాతలనాటి ఇంటికి పైఅంతస్తు కట్టుకొననీయని రాళ్లకుప్పగా ఆ కట్టడమును చూచువాడు దానిని ప్రేమింపజాలడు. ప్రక్కనుండు సమాచార ఫలకము సైతము తఱచుగా వంశము, శతాబ్ది, కొలతలు, గుమ్మటముల సంఖ్య చెప్పి విరమించును. ఆ కట్టడము ఎవరి కష్టముతో లేచినది, ఎవరికి ఉపయోగపడినది, పిమ్మట ఏమైనది అను ప్రశ్నలకు చోటు చిక్కుట అరుదు.

ఇంతకన్న ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. ఈ సంగతి ఎట్లు తెలిసినది? ఢిల్లీలోని అనేక గోరీలలో ఎవరు పూడ్చబడిరో తెలియదు. హౌజ్ ఖాస్ చేరువనున్న రెండు గోరీలలో పెద్దదానిని దాదీ యనియు, చిన్నదానిని పోతీ యనియు జనులు పిలిచిరి, అవ్వయు మనుమరాలును. పరిమాణము తప్ప ఆ పేర్లకు ఆధారము లేదు. అగ్రసేనుని బావి యని ప్రసిద్ధమైన దిగుడుబావికి మహాభారత కాలపు కర్తృత్వము ఐతిహ్యము. కట్టడపు రీతి తుగ్లక్, లోదీ కాలములను సూచించును. ఐతిహ్యమును త్రోసిపుచ్చ నవసరము లేదు. అదియు ఆ స్థలపు చరిత్రలో భాగమే. కాని ఐతిహ్యమును ఐతిహ్యమనియు, ఊహను ఊహయనియు, శాసనాధారమును శాసనాధారమనియు పలక చెప్పవలెను. సయ్యద్ అహమ్మద్ ఖాన్ 1847లో ఆసారుస్ సనాదీద్ గ్రంథమును వెలువరించుటకు ముందు, కుతుబ్ మినార్ పైభాగపు వ్రాతలను చూచుటకై గంపలో కూర్చుండి పైనుండి వ్రేలాడెను. ఒక అక్షరమును సరిగా చదువుటకు అంత సాహసము చేసిన పూర్వుల నగరములో, ఆధారము చెప్పని పలకలు నిలుపుట వారి శ్రమకు తగిన మన్నన గాదు.

గుర్తులేని కట్టడమునకు కలుగు గతి యేమో లెక్కలు చెప్పుచున్నవి. 1916 మొదలు 1922 వఱకు జఫర్ హసన్ నాలుగు సంపుటములలో ఢిల్లీ ప్రాంతపు కట్టడముల పట్టికను ప్రకటించెను. అందలి కట్టడములు పదమూడు వందలకు పైబడినవి. వానిలో నేడు కానరానివి అనేకములు. ఇక రక్షిత కట్టడముల సంగతి. 92 కట్టడములు కనబడుట లేదని 2013లో కంప్ట్రోలర్, ఆడిటర్ జనరల్ నివేదిక తెలిపెను. తరువాత వెదకగా కొన్ని దొరకినవి. ఏబది దొరకలేదని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది. ఆ ఏబదిలో 14 నగర విస్తరణకు బలియైనవి, 12 జలాశయములలో మునిగినవి, 24 ఎచట గలవో తెలియనే లేదు. 2024 మార్చిలో పదునెనిమిది కట్టడములను పట్టికనుండి తొలగించుటకు ప్రకటన వెలువడెను. వానిలో ఢిల్లీ పొరుగున ఫరీదాబాదు చెంతనున్న ముజేసర్ గ్రామపు కోస్ మినార్ ఒకటి. దారి చూపుటకై పుట్టిన స్తంభమే దారి తప్పినది. దొంగలెత్తుకొనిపోయిన విగ్రహమునకు అడుగువారుందురు. అందఱి కన్నులయెదుట, పట్టపగలు, ఇండ్ల నడుమ కరగిపోయిన కట్టడమునకు అడుగువారు లేరు. అది యేమో ఆ వాడలోని వారికి ఎవరును చెప్పలేదు గనుక.

తెలుగువారికి ఈ విషయమున ప్రత్యేక బాధ్యత యొకటి కలదు. నిజాముద్దీను బస్తీలో ఇండ్లు క్రమ్ముకొనిన చోట అష్టకోణాకృతి గల గోరీ యొకటి యున్నది. అది ఖాన్ జహాన్ మక్బూల్ తిలంగానీది. తిలంగానీ యనగా తెలంగాణమువాడు. అఫీఫ్ వ్రాతననుసరించి ఇతడు తెలంగాణ రాజు కొలువులో గౌరవస్థానము నందినవాడు. ఢిల్లీ చేరి, ఇస్లామును స్వీకరించి, ఫిరోజ్‌షాకు ప్రధానమంత్రి యయ్యెను. చదువను వ్రాయను రాకున్నను బుద్ధిబలముచే రాజ్యభారము వహించెనని అతడే చెప్పెను. వ్రాతప్రతులలో పాఠభేదములతో కనబడు ఇతని పూర్వనామమును గన్న యను తెలుగు పేరుగా గుర్తించి, మారన మార్కండేయ పురాణమును అంకితమొందిన ప్రతాపరుద్రుని సేనాని గన్నయయే ఇతడని కొందఱు చరిత్రకారులు ప్రతిపాదించిరి. ఈ గుర్తింపు ఊహయే గాని సిద్ధాంతము గాదు. అయినను 1323లో ఓరుగల్లు పడిన తరువాత తెలుగు జీవితము ఏయే దారులు పట్టెనో అది తలపునకు తెచ్చును. బందీయై ఢిల్లీకి పోవుచు ప్రతాపరుద్రుడు నర్మదా తీరమున గతించెనని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. ఆ రాజు చేరని నగరమును అతని కొలువువాడు చేరెను. చేరి, ఆ నగరమును ఏలువారిలో నొకడయ్యెను.

కట్టడపు చరిత్రలోను ఆ గోరీకి స్థానము గలదు. ఢిల్లీలో అష్టకోణాకృతితో లేచిన తొలి గోరీ యిదియని పండితులు చెప్పుదురు. తరువాతి సయ్యద్, లోదీ సుల్తానుల గోరీలలో కొన్ని ఈ మార్గమునే త్రొక్కినవి. అతని కుమారుడు జూనాన్ షా సైతము మంత్రియై మసీదులు కట్టించెను. తుర్కమాన్ దర్వాజా చెంతనున్న కలాన్ మసీదు శాసనము 1387 నాటిది. అందు తండ్రి పేరును తన పేరును చెప్పుకొని, ఇచటికి వచ్చువారు తనకై ప్రార్థింపవలెనని అతడు కోరెను. దారిని పోవు అపరిచితుని దీవెన నాశించి నిలిపిన వ్రాత యది. ఢిల్లీకి వచ్చు తెలుగువారు కుతుబ్ మినారును, ఎఱ్ఱకోటను చూచి మరలుచున్నారు. ఈ తండ్రికొడుకుల కట్టడముల మీదుగా వారిని నడపింపగల చిన్న మార్గసూచికయైన తెలుగులో నుండుట న్యాయము. ఇందు ఒక మతపు గెలుపునుగాని, ఒక జాతి ఓటమినిగాని చాటుట ప్రయోజనము గారాదు. ఆధారము ఎంత చెప్పునో అంతే చెప్పి, మిగిలినది చదువరి ఆలోచనకు విడువవలెను.

భాషను గూర్చియు ఒకమాట. ఢిల్లీ వీథుల పేర్లపలకలపై హిందీ, ఆంగ్లము, పంజాబీ, ఉర్దూ అను నాలుగు భాషలు కనబడుచుండగా, పురావస్తు శాఖ పలకలు సాధారణముగా హిందీ, ఆంగ్లములతో సరిపుచ్చుచున్నవి. కట్టడముపైని పారసీక వ్రాతను చదువలేని వానికిగాని, ఆ వాడలో ఉర్దూ మాత్రమే చదువు వృద్ధునికిగాని ఆ పలక అక్కఱకు రాదు. ఇంకొక సంగతి. పలకలు లేని చోట వీథి పేరే పలక. షాజహానాబాదులోని ఖారీ బావలీ యను సుగంధ ద్రవ్యముల అంగడివీథికి ఆ పేరు ఒక ఉప్పునీటి దిగుడుబావివలన వచ్చినది. బావి లేదు, పేరు కలదు. ఆ పేరును మార్చినవాడు రెండవమాఱు ఆ బావిని పూడ్చినవాడగును. గాలిబు నివసించిన ఇంటిలో కొంతభాగమును స్మారకముగా రక్షించుట మెచ్చదగినదే. కాని గాలిబు నడచిన గల్లీలకు గల పేర్లును ఆ స్మారకములో భాగమేనని గుర్తింపవలెను.

ఇన్ని మాటలు ఒక పలకపై పట్టవని, నిలిచి చదువు తీరిక ఎవరికిని లేదని చెప్పువారుందురు. పాలం బావి శాసనము వ్రాసిన కవికి ఈ సందేహము కలుగలేదు. నీరు త్రాగుటకు నిలిచినవాడు నాలుగు మాటలు చదువునని అతడు నమ్మెను. నేటి పలకకు కావలసినవి నాలుగే అంశములు: ఇచట ఏమి జరిగినది, ఎవరికి జరిగినది, అది ఎట్లు తెలిసినది, ఈ పలకను ఎవరు ఏ సంవత్సరమున నిలిపిరి. నాల్గవది చిన్నదిగా తోచును గాని అదియే మిగిలిన మూడింటికి జామీను. సంతకము, తేదీ లేని పలక తాను సర్వకాలములకు సత్యమన్నట్లు నటించును. సంతకమున్న పలక తాను ఒక కాలపు మాటయని ఒప్పుకొని, రాబోవువారు తన ప్రక్కన మఱొక మాట చేర్చుటకు చోటు విడుచును. ఇక తప్పు దొరలిన పలకను దించి పాఱవేయుటకు బదులు, దాని క్రిందనే సవరణను తేదీతో చేర్చుట మేలు.

ఈ పని ప్రభుత్వ శాఖలు ఒంటరిగా చేయగలవి కావు. పారసీక, సంస్కృత, ఉర్దూ శాసనములను చదువగల విద్వాంసులును, వాడలలోని వృద్ధుల నోట నిలిచిన పేర్లను సేకరింపగల విద్యార్థులును ఇందులకు కావలెను. కేంద్ర విశ్వవిద్యాలయములలోని భాషాశాఖలు అట్టివారికి సహజమైన నెలవులు. తెలుగు శాఖ యొక్కటియే ఢిల్లీలోని తిలంగానీ కట్టడములకు ఆధార సహితమైన ఫలకపాఠమును నాలుగైదు వాక్యములలో సిద్ధపఱచి, హిందీ, ఉర్దూ శాఖలవారితో అనువదింపజేసి పురావస్తు శాఖకు పంపవచ్చును. పరిశోధన పత్రములు నూఱుమంది చదివినచో గొప్ప. నిజాముద్దీను బస్తీలో నిలిచిన పలకను దినమునకు నూఱుమంది చదువుదురు. వారిలో ఆ గోరీ గోడను ఆనుకొని కాపురముండువారును ఉందురు. ఆ గోడ నిలుచుట తుదకు వారి చేతిలోనిదే గనుక, మొదట తెలియవలసినది వారికే.